కుడికంటి పోటూ, రాని రోడ్డూ

నా ఇరవయ్యారో ఏట, పుష్యమాసంలో ఒక సాయంకాలం, అరకు లోయలో ఒక తూము పక్కన నిలబడి ఉండగా నా కుడికంటి వెనక ఎవరో గునపం దింపారు. నిజంగా అలాగే అనిపించింది. ఎవరు దింపారా అని వెనక్కి తిరిగి చూశాను కూడా. పదిగజాల దూరంలో ఒక గేదె మాత్రం నిలబడి ఉంది. దాని ముఖంలో తప్పుచేసిన జాడ ఏమీ లేదు.

అప్పట్లో నేను ఘాటు రోడ్డు మీద ఓవర్సీరుని. కొండల్లో పితూరీ, అదే మన్యంవాళ్ళ తిరుగుబాటు, అణిగిన కొత్త. వానలకి రోడ్డు అంచులు కొట్టుకుపోతే కట్టించడం, విరిగిపడ్డ బండలు తీయించడం, తూముల్లో పూడిక తీయించడం నా పని. సర్కారు వారు నాకొక గడ్డికప్పు ఇల్లు ఇచ్చారు. ఒకపక్క గెడ్డ, అంటే కొండవాగు; ఇంకోపక్క నూనెగింజలకి వేసే వలిసె చేలు; వాటి వెనక ముప్పై నలభై గడపల కొండ ఊరు. నా భార్య విజయనగరం పక్క పిల్ల. ఐదో తరగతి దాకా చదివింది, చేతిరాత ముత్యాల్లా ఉండేది. కొండ మీద కాపురమనగానే పులులుంటాయని ఏడ్చిందట. వచ్చాక చలి చూసి, పులులే నయం, అవి అప్పుడప్పుడే వస్తాయి అంది.

ఆ గునపం ముప్పావుగంట ఉంది. తర్వాత ఎంత తొందరగా వచ్చిందో అంత తొందరగా పోయింది. మర్నాడు రాలేదు. ఆ మర్నాడు వచ్చింది, మళ్ళీ నాలుగింటికే. ఆ తర్వాత రోజు విడిచి రోజు, నాలుగుకి అటూ ఇటూగా, పింఛను పుచ్చుకునే ముసలాయన కచేరీకి వచ్చినట్టు వచ్చేది.

మామూలు తలనొప్పి నాకు తెలుసు. శొంఠి అరగదీసి రాసుకుని పడుకుంటే పోతుంది. దీనికి పడుకోవడమే గిట్టదు. తల దిండుకి ఆనగానే రెట్టింపయ్యేది. కూర్చున్నా అంతే. కుడికన్ను చింతనిప్పులా ఎర్రబడి ధారగా కారేది. ముక్కులో కుడి రంధ్రం ఒక్కటే కారేది. కుడి రెప్ప సగం దిగిపోయేది. ఎడమ సగం మాత్రం పెళ్ళి భోజనం చేసొచ్చిన వాడి ముఖంలా నిమ్మళంగా ఉండేది. నా భార్య మొదటిసారి చూసి, "ఏటండీ, సగమే ఏడుస్తున్నారు?" అంది.

కూర్చోలేను, పడుకోలేను కాబట్టి నడిచేవాణ్ణి. ఇంటి ముందు పనసచెట్టు దగ్గర మొదలెట్టి, వలిసె చేను గట్టు వెంట గెడ్డ దాకా. మళ్ళీ గెడ్డ నుంచి పనసచెట్టు దాకా. కుడి అరచెయ్యి కుడికంటికి నొక్కిపెట్టి, ఎడమకంటితో ముందుకి చూసుకుంటూ విసవిసా నడిచేవాణ్ణి. ఊరికే నడిస్తే నొప్పి మీదే ధ్యాస ఉంటుందని అడుగులు పైకే లెక్కపెట్టేవాణ్ణి. "నూట పన్నెండు, నూట పదమూడు" అని అరుచుకుంటూ. చెట్టు నుంచి గెడ్డకి రెండువందల నలభై అడుగులు. ఆ సంఖ్య ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

కారణం ఏమిటన్న ప్రశ్నకి మొదట జవాబు చెప్పినవాణ్ణి నేనే. లెవెలు గ్లాసు. ఎత్తుపల్లాలు చూడ్డానికి మూడుకాళ్ళ మీద నిలబెట్టే దూర్బీను ఒకటి ఉండేది మాకు. రోజంతా దాన్లోంచి కుడికంటితోనే చూస్తాను కదా, కన్ను అలిసిపోయి ఇలా పగ తీర్చుకుంటోందనుకున్నాను. ఒక వారం ఎడమకంటితో చూశాను. నాకు ఎడమకంటితో చూసే అలవాటు లేదు. ఆ వారం నేను లెవెలు పెట్టించిన తూములో నీళ్ళు కొండ మీద నుంచి కిందికి రావడానికి బదులు రోడ్డు మీదే ఆగి, ఆలోచించుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళాయి. నొప్పి మాత్రం యథాప్రకారం కుడికంటికే వచ్చింది. తూము తవ్వించి మళ్ళీ కట్టించాను.

రెండో జవాబు మా అత్తగారిది. ఆవిడ కూతుర్ని చూసుకోడానికి ఎడ్లబండి మీద కొండెక్కి వచ్చింది. ఆ కాలంలో అత్తగారు అల్లుడి ఎదట పడకూడదు, అల్లుడితో నేరుగా మాట్లాడకూడదు. అంచేత ఆవిడ వైద్యమంతా వంటింటి తలుపు వెనకనుంచే జరిగింది.

"అమ్మా, అల్లుడుగారిది దిష్టి అని చెప్పు," అనేది తలుపు వెనకనుంచి.

నా భార్య నాకు అరగజం దూరంలో నిలబడి, "దిష్టట," అనేది.

"విన్నాను," అనేవాణ్ణి.

"విన్నారట," అనేది తలుపు వైపు తిరిగి.

"ఎవరి దిష్టో అడుగు. ఆ తూము దగ్గర ఎవరేనా ఉన్నారా అని అడుగు."

"గేదె ఉంది," అన్నాను.

తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. తర్వాత, "నల్లదా?" అని వినపడింది. అత్తగారు నాతో నేరుగా మాట్లాడిన మొదటి మాట అది. గేదె నల్లగా కాక ఎలా ఉంటుంది? ఆ రోజు ఉప్పూ మిరపకాయలూ కలిపి నా చుట్టూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో పడేశారు. ఇల్లంతా ఘాటు కమ్మింది. ముగ్గురం రెండు కళ్ళతోనూ ఏడ్చాం. అందులో నాకొక ఉపకారం జరిగింది, రెండు కళ్ళూ సమానంగా కారడంతో ముఖం ఒక తీరుగా ఉంది. అత్తగారు వెల్లుల్లి ముద్ద కణతకి వేయించి, సింహాచలం మొక్కు మొక్కుకుని, నాలుగు రోజులుండి దిగిపోయింది. కణత మీద బొబ్బ లేచింది. నొప్పి కొత్త బొబ్బని పట్టించుకోకుండా తన వేళకి తాను వచ్చింది.

మూడోవాడు దిసారి. చుక్కలు చూసి విత్తనాలు చల్లే రోజూ పెళ్ళి రోజూ చెప్పే పెద్దమనిషిని ఆ కొండల్లో దిసారి అంటారు. మూలికల వైద్యం కూడా ఆయనదే. ఆయన నన్ను రెండు రోజులు ఊరికే కూర్చుని చూశాడు. నేను నడుస్తుంటే ఆకాశం కేసి చూశాడు, నాకేసి చూశాడు.

"బాబూ, నీ నొప్పికి పొద్దు తెలుసు," అన్నాడు. "పొద్దు ఆ కొండ కొమ్ము మీదకి రాగానే వొత్తాది. దెయ్యానికి పొద్దు తెల్దు. ఇది దెయ్యం కాదు, లోపల నరానికి ఏదో అయింది."

ఇంతమందిలోనూ అంత సరిగ్గా చూసినవాడు ఆయనొక్కడే. కాకపోతే మందు దగ్గరికి వచ్చేసరికి ఒక ఎండు వేరు పొడి తెచ్చి నా ముక్కులో ఊదాడు. తుమ్ములు మొదలయ్యాయి. పొద్దుట వేసిన పొడికి మధ్యాహ్నం దాకా తుమ్మాను. రోడ్డు పనికి వచ్చినవాళ్ళు పారలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒక తుమ్ము అపశకునం, రెండు తుమ్ములు మంచివి. నేను ఒకటి తుమ్మితే పారలు దించేవారు, రెండోది తుమ్మితే ఎత్తేవారు, మూడోది తుమ్మితే మళ్ళీ దించేవారు. ఆ పూట రోడ్డుకి ఒక్క తట్ట మట్టి పడలేదు. మేస్త్రీ నా దగ్గరికి వచ్చి, "బాబూ, సరి సంఖ్య మీద ఆపీగలరేటి?" అని బతిమాలాడు.

నాలుగోవాడు కొండ దిగువ ఊళ్ళో ఒక కాంపౌండరు. నెలకోసారి జీతం కోసం దిగినప్పుడు కలిశాను. ఆయన దగ్గర రెండే మందులుండేవి, ఒకటి మలేరియాకిచ్చే కొయినా, రెండోది పటకారు. కొండ నుంచి వచ్చానంటే కొయినా ఇచ్చాడు. చెవులు హోరెత్తాయి. నొప్పి తగ్గలేదని చెప్తే నోరు తెరవమని, "పన్ను! పై దవడ, కుడిపక్క! దాని వేరు కంట్లోకి పోతోంది," అన్నాడు. పంటి వేరు కంట్లోకి పోవడం నేనెక్కడా వినలేదు. కాని నాలుగు గంటలు దగ్గర పడుతోంది, ఎవడేం చెప్పినా నమ్మే వేళ. పీకేశాడు. నిగనిగలాడే దంతం. చేతిలో పెట్టుకుని ఇద్దరం చూశాం. పుచ్చు లేదు, మచ్చ లేదు. "లోపల ఉండేది," అన్నాడు కాంపౌండరు, పన్ను వైపు కాస్త కోపంగా చూసి. సరిగ్గా ముప్పావుగంట తర్వాత ఆయన అరుగు మీదే నొప్పి వచ్చింది. నోట్లో దూదితో, కంటికి చెయ్యడ్డం పెట్టుకుని, ఆ వీధి అంతా నాలుగుసార్లు కొలిచాను.

ఇలా నేను కారణాలు వెతుక్కుంటూ ఉండగా ఊళ్ళో ఇంకో కథ నడుస్తోంది. అది నాకు ఆ తర్వాత చాలా రోజులకి గాని తెలియలేదు.

నేను రోడ్డు ఓవర్సీరుని. రోజు విడిచి రోజు ఒకే వేళకి ఇంట్లోంచి బయటికొస్తాను. ఒక కన్ను మూసుకుంటాను. రెండో కంటితో తిన్నగా ముందుకి చూస్తాను. చెట్టు నుంచి గెడ్డకి, గెడ్డ నుంచి చెట్టుకి అడుగులు పైకి లెక్కపెడుతూ నడుస్తాను. కళ్ళున్న ఏ మనిషైనా దీన్ని చూసి ఏమనుకుంటాడు? ఊరి మీంచి కొత్త రోడ్డు పడుతోందనుకున్నారు. కొత్త రోడ్డంటే వాళ్ళకి చేదు జ్ఞాపకం. ఆ రోడ్లు తవ్విందీ, బండలు మోసిందీ వాళ్ళే. సరిగ్గా కూలి ముట్టని రోజులవి. ఇప్పుడు ఇంకో రోడ్డు, అందులోనూ ఊరి పెద్ద వలిసె చేను గట్టు మీంచి.

ఊరి పెద్ద యాభై ఏళ్ళ మనిషి, పొట్టివాడు, మాట నెమ్మది. ఒకరోజు నేను నడుస్తుండగా నా పక్కన చేరి, నాతోపాటు నడుస్తూ అడిగాడు.

"బాబూ, ఇది ఆగదేటి?"

నొప్పి గురించి అడుగుతున్నాడనుకున్నాను. "ఆగదు. దాని టైము దానిదే," అన్నాను.

"పక్కకి తిరగదా?"

"కుడిపక్కకే వస్తుంది. ఇంతవరకు ఎడంపక్కకి ఒక్కసారీ రాలేదు."

ఆయన ఆగిపోయాడు. గట్టుకి కుడిపక్క ఆయన చేను, ఎడంపక్క ఒట్టి రాళ్ళూ తుప్పలూ గెడ్డ ఒడ్డూ. "కుడిపక్కకేనా?" అన్నాడు మళ్ళీ.

"కుడిపక్కకే. చచ్చినా మారదు."

"ఎన్నాళ్ళు పడతాది బాబూ?"

"నెలో, రెండు నెల్లో. ప్రాణం తీసేస్తుంది."

"మాకు తెల్దేటి," అన్నాడు నిట్టూర్చి. "మా అయ్య పేనం అదే తీసింది."

పాపం, ఆయన తండ్రికి కూడా ఇదే తలనొప్పి ఉండేది కాబోలనుకుని, నేను ఎడమచెయ్యి ఆయన భుజం మీద వేసి ఓదార్చాను. ఆయన నా వైపు చూసిన చూపు నాకు ఈనాటికీ గుర్తే. తండ్రిని చంపి కొడుకుని ఓదారుస్తున్నవాణ్ణి చూసినట్టు చూశాడు.

మర్నాడు మూడింటికి పని నుంచి వచ్చేసరికి ఇంటి అరుగు మీద ఒక సొరబుర్ర ఉంది. నిండా జీలుగు కల్లు. ఆ కొండల్లో చలికాలమంతా తాడిలాంటి జీలుగుచెట్లకి కల్లు కారుతుంది. తియ్యగా, కొంచెం పుల్లగా, చల్లగా ఉంటుంది. ఊరి పెద్ద మర్యాద అనుకున్నాను. నా భార్య, "ఏటది?" అంది. ఆవిడ పుట్టింట్లో కల్లు అన్న మాట కూడా పైకనరు. నా నోటికి తోచింది అనేశాను: "కొండ కషాయం. తలనొప్పికి."

"పాపం, ఎంత మంచివాళ్ళు," అంది. ఇంట్లోంచి వెండి గ్లాసు తెచ్చి ఇచ్చింది.

ఆ రోజు నొప్పి రావలసిన రోజు కాదు. అయినా వచ్చింది. గ్లాసు కింద పెట్టిన అరగంటకే వచ్చింది. మర్నాడు మళ్ళీ బుర్ర వచ్చింది, మళ్ళీ నొప్పి వచ్చింది. రోజు విడిచి రోజు వచ్చేది రోజూ రావడం మొదలెట్టింది. నేను రోజూ నడవడం మొదలెట్టాను. నేను రోజూ నడవడం చూసి, అయ్యో రోడ్డు పని జోరందుకుంది, కల్లు చాలట్లేదని ఊరివాళ్ళు రెండో బుర్ర పంపడం మొదలెట్టారు. రెండో బుర్ర వచ్చిన రోజున నొప్పి రెండుసార్లు వచ్చింది.

ఇంత జరుగుతున్నా నాకు అనుమానం రాలేదా అంటే, రాలేదు. కషాయం తాగిన ఆ అరగంట ఎంత హాయిగా ఉండేదంటే, దాన్ని అనుమానించడం కృతఘ్నత అనిపించేది.

ఒకరోజు బయటికి వచ్చేసరికి గట్టుకి ఎడంపక్క, గెడ్డ ఒడ్డు వెంట, తుప్పలన్నీ కొట్టేసి, రాళ్ళు ఏరేసి, నున్నటి బాట తీసి ఉంది. నాకోసమే తీశారని తెలిసింది గాని ఎందుకో తెలియలేదు. నొప్పిలో రాళ్ళు తగలని దారి దొరికితే ఎవడికి చేదు? ఎడంపక్కకి దిగి అక్కడే నడిచాను. "ఒకటీ, రెండూ, మూడూ" అని మొదట్నుంచీ లెక్కపెట్టాను.

చేనుగట్టు అవతల ఒక కేక లేచింది. వెంటనే డప్పులు. కొమ్ము ఊదారు. ఊరి ఆడవాళ్ళంతా ఒకరి నడుం వెనక ఒకరు చేతులు వేసుకుని, వరస కట్టి, థింసా ఆడుకుంటూ నా వెనకే రావడం మొదలెట్టారు. రోడ్డు వాళ్ళ చేను తప్పి రాళ్ళలోకి తిరిగిందన్న సంతోషం అది. నాకు తెలిసిందల్లా నా తల పగిలిపోతుంటే నా వెనక ముప్పైమంది నాట్యం చేస్తున్నారని. ఒక్కొక్క డప్పు దెబ్బా తిన్నగా కుడికంట్లో పడుతోంది. "ఆపండి! ఆపండి!" అని చెయ్యెత్తి అరిచాను. డప్పులవాడు అది ఊపు పెంచమని సైగ అనుకున్నాడు.

నా భార్య అరుగు మీద నిలబడి చూస్తోంది. ఎర్రబడ్డ కన్ను, కారుతున్న ముక్కు, కణత మీద బొబ్బ, సందు పడ్డ పళ్ళు, వెనక మేళం. ఆ సాయంకాలమే కూర్చుని వాళ్ళ నాన్నకి ఉత్తరం రాసింది.

మా మావగారికి విజయనగరంలో ఒక డాక్టరు తెలుసు, బాగా పెద్దాయన. ఆయన దగ్గర్నుంచి జవాబు వచ్చింది. మందు లేదు అందులో. "పదిహేను రోజులు ఒక పుస్తకంలో రాయండి. నొప్పి ఎన్నింటికి వచ్చింది, ఎన్నింటికి పోయింది, దానికి ముందు ఏం తిన్నాడు, ఏం తాగాడు, ఏం చేశాడు. ఒక్కటీ విడవొద్దు. ఆ పుస్తకం పట్టుకుని రండి," అని ఉంది. రాసే పని నా భార్య తీసుకుంది. కూలీల హాజరు వేసే పాత మస్టరు పుస్తకం వెనక కాగితాల మీద, ముత్యాల్లాంటి అక్షరాలతో, పదిహేను రోజులూ రాసింది. నేను చూపించమంటే, "డాక్టరుగారికి," అని దాచేసింది.

కొండ దిగి, బండి మీద విజయనగరం చేరాం. డాక్టరుగారు నన్ను వెలుతురులో కూర్చోబెట్టి కళ్ళు చూశారు, ముక్కులో చూశారు, పళ్ళ మీద చిన్న చెంచాతో కొట్టి చూశారు, మెడ వంచి చూశారు. తర్వాత అడిగారు.

"నొప్పి వచ్చినప్పుడు చీకటి గదిలో పడుకోవాలనిపిస్తుందా?"

"లేదండి. నడవాలనిపిస్తుంది. గోడకి తల కొట్టుకోవాలనిపిస్తుంది."

"వాంతులు?"

"లేవండి."

"ఊఁ. పార్శ్వపు నొప్పివాళ్ళు కదలరు. నువ్వు ఆగవు. ఇది దాని జాతి కాదు," అని చత్వారపు అద్దాలు పెట్టుకుని పుస్తకం తెరిచారు. పైకే చదవడం మొదలెట్టారు.

"సోమవారం. పొద్దున్న చోడి అంబలి. మధ్యాహ్నం అన్నం, గుమ్మడికాయ పులుసు. మూడుంపావుకి కొండ కషాయం. మూడు ముప్పావుకి నొప్పి. నడిచారు. నన్ను అవతలికి పొమ్మన్నారు.

"మంగళవారం. మూడుంపావుకి కొండ కషాయం. మూడు నలభైకి నొప్పి. నడిచారు. పనసచెట్టుని తిట్టారు. దాని తప్పేమీ లేదు.

"శుక్రవారం. ఊరివాళ్ళంతా సంతకి వెళ్ళారు. కషాయం రాలేదు. నొప్పి రాలేదు. ఆయనకి తోచలేదు."

డాక్టరుగారు శుక్రవారం మీద వేలు పెట్టి ఆగారు. వెనక్కి తిప్పారు. ముందుకి తిప్పారు. తర్వాత నా భార్య వైపు చూసి, "ఈ కషాయం దేనితో కాస్తారమ్మా?" అని అడిగారు.

"నాకు తెలీదండి. బుర్రలో వస్తుంది."

"రంగు?"

"తెల్లగా ఉంటుందండి. నురగ ఉంటుంది."

"నురగా?"

"ఔనండి. ఈగలు వాల్తాయి. కాని చాలా మంచి మందండి. తాగాక ఒక అరగంట ఈయన ఎంతో బాగుంటారు. పద్యాలు చదువుతారు. ఒకరోజు గేదెకి కూడా చదివారు."

డాక్టరుగారు అద్దాలు తీసి నా వైపు చూశారు. నేను ఆయన గోడ మీదున్న గడియారం వైపు చూశాను. నా భార్య మా ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. ఆ గదిలో కషాయం అన్న మాటకి అర్థం ఆవిడకి ఎప్పుడు తెలిసిందో నేను చూడకుండానే చెప్పగలను, ఎందుకంటే నా కుడిపక్కనున్న ఆవిడ కుర్చీ గీరుకుంటూ నాకు రెండడుగుల దూరం జరిగింది.

"చూడు అబ్బాయ్," అన్నారు డాక్టరుగారు. "నీ కళ్ళు బాగున్నాయి. ముక్కులో పీనస లేదు. ఉన్న పళ్ళు దివ్యంగా ఉన్నాయి. పీకించుకున్నది కూడా దివ్యంగానే ఉండి ఉంటుంది. మలేరియా అయితే చలీ జ్వరమూ ఉండాలి, లేవు."

"మరి కారణం ఏమిటండీ?"

"తెలీదు. కణత దగ్గర ఏదో నరం ఏడాదిలో కొన్నాళ్ళు లేస్తుంది, మళ్ళీ పడుకుంటుంది. ఎందుకు లేస్తుందో నాకు తెలిస్తే ఈ గదిలో ఎందుకుంటాను? కాని లేచి ఉన్న రోజుల్లో దాన్ని గిల్లితే ఊరుకోదు. కల్లూ సారా గిల్లుతాయి. పగటి నిద్ర కొందరికి గిల్లుతుంది. పుస్తకం చూస్తే నిన్ను గిల్లుతున్నదేదో మీ ఆవిడ రాసే పెట్టింది. అది మానెయ్. వేళకి పడుకో, వేళకి లే. చూపు మసకబారినా, కాళ్ళూ చేతులూ పట్టు తప్పినా, జ్వరంతో మెడ బిగిసినా మాత్రం ఒక్కపూట ఆగకుండా బండి కట్టించుకుని రా. అది వేరే సంగతి."

తిరుగు ప్రయాణంలో ఘాటు మొదలయ్యేదాకా నా భార్య ఒక్క మాట మాట్లాడలేదు. ఘాటు ఎక్కేటప్పుడు మాత్రం, మలుపు మలుపుకీ, నాకేసి చూడకుండా, "కషాయం," అనేది. ఆ ఘాటులో మలుపులు చాలా ఉన్నాయి.

ఇంటికి చేరిన మర్నాడు మూడింటికి ఊరి పెద్ద తానే స్వయంగా బుర్ర పట్టుకుని వచ్చాడు. నా భార్య గుమ్మంలో నిలబడి ఉంది. నేను చేతులు జోడించి, "వద్దు పెద్దా, నేనింక తాగను," అన్నాను.

ఆయన ముఖం పాలిపోయింది. "ఏటైనాది బాబూ? మల్లీ కుడిపక్కకి తిప్పీసినారేటి?"

"ఏమిటి తిప్పేది?"

"రోడ్డు."

"ఏ రోడ్డు?"

"మీరు రోజూ కొలిసీ రోడ్డు."

నేను అరుగు మీద కూర్చుండిపోయాను. ఆయన కూడా కూర్చున్నాడు. ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్ళ మాటలన్నీ ఒక్కటొక్కటే వెనక్కి తిరిగి వచ్చాయి నాకు, కుడిపక్కా, ప్రాణం తీయడమూ, వాళ్ళ అయ్యా, అన్నీ.

"రోడ్డు లేదు పెద్దా," అన్నాను. "ఎప్పుడూ లేదు. నాకు తలనొప్పి."

"తలనొప్పా?" అన్నాడు. "తలనొప్పికి అడుగులేల లెక్కెట్టినారు?"

"ఊరుకోలేక."

"కన్నేల మూసీసినారు?"

"నొప్పి అక్కడే."

ఆయన వేళ్ళు మడిచి ఏదో లెక్క చూసుకున్నాడు. రోడ్డు లేదన్న సంతోషం ముందు వస్తుందనుకున్నాను. ముందొచ్చింది అది కాదు. "అయితే బాబూ," అన్నాడు నెమ్మదిగా, "నెల్లాళ్ళబట్టి నాను తాగవలసిన కల్లంతా నీ తలనొప్పికి పోసీసినానా? నాను సప్పిడి నోటితో తొంగుంటే, నువ్వు దాన్ని తాగీసి ఆ తలకాయ పట్టుకోని ఇంకా జోరుగా నడిసినావా? నువ్వు జోరుగా నడిస్తే నాను ఇంకో బుర్ర అంపినానా?"

"అంతే," అన్నాను.

గుమ్మంలో నా భార్య నవ్వింది. మూడు రోజుల తర్వాత నవ్వడమేమో, నవ్వు ఆగలేదు. తలుపు పట్టుకుని కిందికి జారి కూర్చుని మరీ నవ్వింది. ఆవిణ్ణి చూసి ఆయనా మొదలెట్టాడు. నవ్వి నవ్వి, తెచ్చిన బుర్ర ఎత్తి మా అరుగు మీదే సగం తాగేసి, మూతి తుడుచుకుని, మిగతాది జాగ్రత్తగా మూత పెట్టుకుని ఊళ్ళోకి కబురు చెప్పడానికి వెళ్ళాడు.

కల్లు మానేశాక నొప్పి మళ్ళీ రోజు విడిచి రోజుకి దిగింది, తర్వాత మూడు రోజులకోసారి. మాఘమాసం చివర్లో ఒకరోజు నాలుగయింది, నాలుగున్నర అయింది, రాలేదు. ఆ తర్వాత రాలేదు. మా అత్తగారు మొక్కు ఫలించిందని రాయించింది. దిసారి, నరంలో ఉన్నది తుమ్ముల్లో కొంచెం కొంచెం బయటికి పోయిందన్నాడు. కాంపౌండరు, పన్ను విషం దిగడానికి ఆ మాత్రం టైము పడుతుందని కబురంపాడు. నేను ఎవరి మాటా కాదనలేదు. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి లేదనడం బాగుండదు.

ఫాల్గుణంలో ఊరి పెద్ద కూతురి పెళ్ళి. అక్కడ అడ్డాకు దొప్పలో కల్లు పోసి ఇస్తే నేను నా భార్య వైపు చూశాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "తాగండి, చూద్దాం," అంది. మస్టరు పుస్తకం కూడా తెచ్చింది. నా జేబు గడియారం ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళి చూడ్డం మానేసి, నా కుడికన్నే చూస్తూ కూర్చుంది. అరగంట అయింది. గంట అయింది. ఏమీ కాలేదు. నరం పడుకున్నాక గిల్లినా లేవదన్నమాట. ఆవిడ ఆ సంగతి పుస్తకంలో రాసి డాక్టరుగారికి పంపింది. ఆయన, "ఇది నాకు తెలీదు. ధన్యవాదాలమ్మా," అని జవాబు రాశారు. ఆ ఉత్తరం ఆవిడ చాలాకాలం ట్రంకుపెట్టెలో దాచుకుంది.

మరుసటి పుష్యంలో మళ్ళీ వచ్చింది, నాలుగింటికే. ఈసారి కల్లు జోలికి పోలేదు కాబట్టి నెలరోజుల్లో దిగింది. ఆ నెలరోజులూ నేను నడుస్తుంటే ఊరి పెద్ద నా పక్కన నడిచేవాడు. నేను లెక్క తప్పకుండా ఉండాలని ఆయన కూడా వాళ్ళ భాషలో పైకి లెక్కపెట్టేవాడు. ఆయనవి పొట్టి కాళ్ళు. నాకు రెండువందల నలభై వచ్చేచోట ఆయనకి మూడువందలు దాటేది. ఎవరిది సరైన లెక్క అన్న దాని మీద గెడ్డ దగ్గర నిలబడి వాదించుకునేవాళ్ళం. ఒక్కోరోజు ఆ వాదన మధ్యలో నొప్పి పోయేది, మేమిద్దరం గమనించేవాళ్ళం కాదు.